ఎండలు ముదరకముందే సైకిల్ ఎక్కుదాం



శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు చెప్పే మాట మీరు వినే ఉంటారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మన అడవి అంచున మోదుగులు ఎర్రగా పూస్తాయి. వాటి వెనకే ఇప్పపూలు రాలే రోజులు వస్తాయి. తెల్లవారకముందే బుట్టలు పట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు చెట్ల కిందికి చేరతాయి. పొద్దున చల్లగా ఉండి, పది గంటలకల్లా చురుక్కుమనే ఈ ఆరేడు వారాలు సైకిల్ తొక్కడానికి చాలా అనువైన కాలం. చలి దేశాల్లో మంచు కరిగాక, వసంతంలో సైకిళ్లు బయటికి తీస్తారు. అక్కడి నుంచి ఆరు నెలలు వారికి ఇబ్బంది ఉండదు. మన సంగతి వేరు. సారపాక, భద్రాచలం, పాల్వంచ ప్రాంతాల్లో ఏప్రిల్ సగం దాటిందంటే ఎండ మనిషిని బయట నిలవనివ్వదు. కాబట్టి మొదలుపెట్టదలచినవారు ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజు మనకు రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో బడిపిల్లలను సైకిళ్ల మీద ఊరేగించడం ఆరోగ్యానికి మేలు చేసే పని కాదు. మన సైకిల్ పండుగను మన వాతావరణం చూసి ఫాల్గుణ, చైత్ర మాసాల్లో పెట్టుకోవడమే మేలు.

సైకిల్ ఎందుకు?

ఒకప్పుడు మన ఊళ్లలో ప్రతి గడపకూ ఒక సైకిల్ ఉండేది. మిల్లు షిఫ్టుకు పోవాలన్నా, గోదావరి దాటి భద్రాచలం సంతకు పోవాలన్నా, తునికాకు కల్లానికి పోవాలన్నా అదే ఆధారం. పిల్లలు అద్దె సైకిల్ తెచ్చుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కుతూ మోకాళ్లు చెక్కుకుపోయేలా నేర్చుకునేవారు. ఇప్పుడు పాల ప్యాకెట్ తేవడానికి కూడా మోటారు సైకిల్ తీస్తున్నాం. కాలం మారినందుకు ఎవరినీ తప్పుపట్టనవసరం లేదు. కాని కాళ్లకు పని తగ్గిన సంగతి మన రక్తపరీక్షల్లో కనిపిస్తోంది.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిపిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ వ్యాధి ఉంది. పెద్దవారిలో ప్రతి వందమందికి 35 మంది రక్తపోటుతో ఉన్నారు. ఇది పట్నంవారి జబ్బు, డబ్బున్నవారి జబ్బు అనుకునే రోజులు పోయాయి.

సైకిల్ తొక్కేటప్పుడు శరీరంలో ఏం జరుగుతుందో చూద్దాం. మన ఒంట్లో పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. పెడల్ తిప్పేది అవే. పనిచేసే కండరం రక్తంలోని చక్కెరను తనలోకి లాక్కుంటుంది. మామూలుగా ఈ పనికి ఇన్సులిన్ కావాలి. కండరం కదులుతున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ తక్కువగా ఉన్నా చక్కెర లోపలికి వెళుతుంది. తొక్కడం ఆపిన తర్వాత కూడా ఈ మేలు ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఉంటుంది. అందుకే షుగర్ ఉన్నవారు వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానకూడదని వైద్యులు చెబుతారు. ఆదివారం ఒక్కరోజే రెండు గంటలు తొక్కి మిగతా ఆరు రోజులు కూర్చునేవారికి ఈ ఫలితం రాదు.

ఎంత తొక్కాలి? పెద్దవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. మధ్యస్థం అంటే ఏమిటో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. పాట హాయిగా వస్తుంటే కొంచెం వేగం పెంచండి. మాట కూడా తెగిపోతుంటే తగ్గించండి.

బ్రిటన్‌లో రెండున్నర లక్షలకు పైగా ప్రజలను కొన్నేళ్లపాటు గమనించి 2017లో ప్రచురించిన ఒక పరిశోధనలో, సైకిల్ మీద పనికి వెళ్లేవారిలో మరణాల ముప్పు బండ్లలో, బస్సుల్లో వెళ్లేవారికంటే సుమారు 41 శాతం తక్కువగా కనిపించింది. ఇదంతా సైకిల్ ఒక్కదాని వల్లే అనడానికి వీల్లేదు. సైకిల్ తొక్కేవారికి ఇతర మంచి అలవాట్లు కూడా ఉండవచ్చు. అయినా ఏ మాత్ర వేసుకున్నా ఇంత తేడా కనబడడం అరుదు.

మోకాళ్ల నొప్పులవారికి ఒక మాట. నడకలో ఒంటి బరువంతా మోకాలి మీద పడుతుంది. సైకిల్ మీద ఆ బరువును సీటు మోస్తుంది. నడిస్తే నొప్పి అనే చాలామంది సమతల రోడ్డు మీద సైకిల్ తొక్కగలుగుతారు. అయితే సీటు ఎత్తు సరిగా ఉండాలి. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ ఉంచితే కాలు నిటారుగా రావాలి. మనవాళ్లు నేలకు రెండు పాదాలూ ఆనాలని సీటు బాగా దించుకుంటారు. మోకాలి ముందు భాగం నొప్పికి చాలాసార్లు కారణం ఇదే. సైకిల్ షాపులో స్పానరు అడిగి రెండు నిమిషాల్లో సరిచేసుకోవచ్చు.

ముందుగా డాక్టరును అడగవలసినవారు

ఈ భాగాన్ని దయచేసి తొందరపడకుండా చదవండి.

షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడేవారు పరగడుపున సైకిల్ ఎక్కవద్దు. చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. బయలుదేరే ముందు పరీక్షించుకునే వీలుంటే చూసుకోండి. 100 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, రెండు బిస్కెట్లో, గ్లాసు జావో తీసుకుని పావుగంట ఆగి వెళ్లండి. 300 దాటి ఉంటే ఆ రోజు మానేసి డాక్టరును కలవండి. జేబులో చిన్న పొట్లంలో చక్కెర ఉంచుకోండి. దారిలో చేతులు వణకడం, ముచ్చెమటలు పట్టడం, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి విపరీతమైన ఆకలి వేస్తే వెంటనే దిగి మూడు చెంచాల చక్కెర నోట్లో వేసుకుని నీళ్లు తాగండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్లీ అంతే తీసుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పులతో తొక్కకూడదు. బూట్లు వేసుకోండి, ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోండి.

రక్తపోటు మాత్రల్లో కొన్ని మూత్రాన్ని ఎక్కువగా పోయిస్తాయి. అవి వాడేవారికి ఎండలో నీరు త్వరగా తగ్గిపోతుంది. మరికొన్ని గుండె వేగాన్ని అణిచి ఉంచుతాయి కాబట్టి నాడి చూసి శ్రమ ఎంతో చెప్పలేరు. మందులు మీ అంతట మీరు మానకండి. మీ చీటీ తెచ్చి చూపించండి, ఏ మాత్ర ఏ పని చేస్తుందో చెబుతాం.

గుండెపోటు వచ్చినవారు, మెట్లెక్కితే ఛాతీలో బరువు అనిపించేవారు డాక్టరు అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు. తొక్కుతుండగా ఛాతీలో నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే లాగుడు, అలవాటు లేని ఆయాసం వస్తే ఆగిపోండి. మెల్లగా తొక్కుకుంటూ ఇంటికి పోదామని అనుకోకండి. అక్కడే నీడన కూర్చుని 108కి ఫోన్ చేయించండి.

మన గిరిజన సోదర సోదరీలలో సికిల్ సెల్ జబ్బు ఉన్నవారు ఉన్నారు. రక్తకణాలు గుండ్రంగా కాక కొడవలిలా వంకర తిరిగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడడం ఈ జబ్బు లక్షణం. ఒంట్లో నీరు తగ్గినా, అలసట మితిమీరినా, చలి తగిలినా భరించలేని ఒళ్లునొప్పులు మొదలవుతాయి. ఈ జబ్బు ఉన్న పిల్లలను పందేల్లో నిలబెట్టవద్దు. అలాగని ఇంట్లో కూర్చోబెట్టవలసిన పని కూడా లేదు. డాక్టరును అడిగి, నీళ్లు తాగుతూ, తోడు ఉండి, మెల్లగా కొద్ది దూరం తొక్కనివ్వవచ్చు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే మోసేవారు కూడా మండుటెండలో విపరీతంగా శ్రమపడకూడదు. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. మీ పిల్లలకు పరీక్ష జరగకపోతే తీసుకురండి. ఒక చుక్క రక్తంతో తెలుస్తుంది.

ఎండతో పరాచికాలు వద్దు

2015 మే నెలలో వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో కలిపి రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది పొట్టకూటి కోసం ఎండలో తిరిగినవారు, వయసు మళ్లినవారు. వ్యాయామం చేసేటప్పుడు కండరాలు తామే వేడి పుట్టిస్తాయి. బయటి వేడికి ఆ వేడి తోడైతే చెమట ఒక్కటే శరీరాన్ని కాపాడాలి. గోదావరి ఒడ్డున గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఆ చెమట కూడా ఆరదు.

కనుక వేళ పాటించండి. మార్చిలో మన దగ్గర ఆరుంబావు ప్రాంతంలో సూర్యుడు ఉదయిస్తాడు. వెలుతురు రాగానే బయలుదేరి ఏడున్నరకల్లా ఇల్లు చేరండి. ఏప్రిల్‌లో ఇంకో అరగంట ముందుకు జరపండి. మే నెలలో అలవాటు లేనివారు కొత్తగా మొదలుపెట్టవద్దు. వేడికి శరీరం అలవాటుపడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఫిబ్రవరి చివర పదిహేను నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ పోయినవారు ఏప్రిల్ నాటికి అరగంట తేలికగా తొక్కుతారు.

బయలుదేరే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. సైకిల్‌కు సీసా కట్టుకోండి. అరగంట ప్రయాణానికి మంచినీళ్లు చాలు. గంట దాటితే ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు మంచివి. రంగు సీసాల్లో అమ్మే కూల్‌డ్రింకుల అవసరం లేదు. వాటిలో చక్కెర ఎక్కువ, షుగర్‌వారికి చెరుపు. బాగా నీరసించినవారికి ఓ.ఆర్.ఎస్. దొరకకపోతే ఇంట్లోనే కలపవచ్చు. లీటరు మంచినీళ్లకు చెంచాతో సమంగా గీకిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించకూడదు. ఈ కాలంలోనే తాటికల్లు, ఇప్పసారా కూడా దొరుకుతాయి. అవి ఒంట్లోని నీటిని బయటికి పంపేస్తాయి, తూలుడు సంగతి సరేసరి. రాత్రి తాగినవారు కూడా తెల్లవారి సైకిల్ ఎక్కవద్దు.

తలనొప్పి, వాంతి వచ్చినట్టుండడం, కండరాలు పట్టేయడం మొదటి గుర్తులు. అప్పుడే నీడకు చేరి నీళ్లు తాగితే చాలామందికి తగ్గిపోతుంది. మనిషి పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా, పడిపోయినా అది వడదెబ్బ, ప్రాణాపాయం. 108కి చెప్పండి. అది వచ్చేవరకు ఊరుకోకుండా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు కుమ్మరించి, విసరండి. మెడకు, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇది జ్వరం కాదు కనుక జ్వరం మాత్ర పనిచేయదు.

మన రోడ్డు, మన లారీలు

సారపాక రోడ్డు మీద సైకిల్ తొక్కేవారికి ఎండ తర్వాత పెద్ద ప్రమాదం ఏమిటో చెప్పనక్కరలేదు. పేపరు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర తెచ్చే లారీలు పగలూ రాత్రీ తిరుగుతాయి. లోడు లారీ డ్రైవరుకు తన ఎడమ పక్కన, ముందు బంపరు కింద ఉన్న మనిషి కనబడడు. ఇది డ్రైవరు నిర్లక్ష్యం కాదు, ఆ బండి ఎత్తు అలాంటిది. ఆగి ఉన్న లారీ ఎడమవైపు సందులో నుంచి ఎప్పుడూ దూరవద్దు. అది ఎడమకు తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాలకంటే లోపలికి వస్తాయి. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనబడకపోతే మీరు కూడా అతనికి కనబడడం లేదని తెలుసుకోండి. వెనక లారీ హారన్ కొడితే కంగారుపడి పక్కకు కోసుకోకండి. తిన్నగా తొక్కుతూ, వీలు చూసుకుని రోడ్డు దిగి నిలబడండి.

తెల్లవారుజామున తెలుపు, పసుపు బట్టలు వేసుకోండి. వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టరు, ముందు టార్చిలైటు ఉండాలి. గంట, రెండు బ్రేకులు పనిచేయాలి. టైరును బొటనవేలితో గట్టిగా నొక్కినా అణగకుండా గాలి ఉండాలి. చీర కుచ్చెళ్లు, చున్నీ చివరలు దోపుకోండి, చైనులో పడి మనిషిని లాగేస్తాయి. హెల్మెట్ సైకిల్‌కెందుకని నవ్వేవారు ఉంటారు. తారురోడ్డుకు తల తగిలితే దెబ్బ సైకిల్ మీద నుంచి పడినా గట్టిదే.

అందరూ కలిసి తొక్కితే

ఒంటరిగా మొదలుపెట్టినవారిలో చాలామంది రెండో వారానికి మానేస్తారు. రేపు ఫలానా చోట నలుగురు మన కోసం నిలబడి ఉంటారంటే మంచం దిగుతాం. పెద్ద నగరాలవారు ఈ సంగతి ముందే గ్రహించారు. దక్షిణ అమెరికాలో కొలంబియా దేశ రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు ముఖ్యమైన వీధుల్లో మోటారు బండ్లను ఆపి, సైకిళ్లకు, నడిచేవారికి వదిలేస్తున్నారు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఆ పలకల నీడ చూసినప్పుడు, మన ఎండలు తెలిసినవారు వేసిన దారి అనిపిస్తుంది. ఫిట్ ఇండియా ఉద్యమం కింద 2024 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సామూహిక సైకిల్ ప్రయాణాలు మొదలుపెట్టింది.

స్త్రీల విషయంలో పుదుక్కోట్టైని తలచుకోవాలి. 1990ల ఆరంభంలో తమిళనాడులోని ఆ జిల్లాలో అరివొళి ఇయక్కం అనే అక్షరాస్యత ఉద్యమం, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహంతో, అక్షరాలతోపాటు స్త్రీలకు సైకిల్ కూడా నేర్పింది. లక్షమందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని చెబుతారు. వారిలో కూలీలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఉపాధ్యాయినులు ఉన్నారు. బస్సు కోసం, భర్త కోసం, అన్న కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికీ సంతకూ వెళ్లగలగడం కూడా ఆరోగ్య విషయమే. మన సంఘాల్లో నలభై దాటిన అక్కలు ఇప్పుడేం నేర్చుకుంటాంలే అంటారు. బడి మైదానంలో, సీటు దించి, ఒకరు వెనక పట్టుకుంటే రెండు వారాల్లో నేర్చుకోవచ్చు.

సారపాకలో నగరాల్లోలాగా రోడ్లు మూయించలేము, మూయించనూ అక్కరలేదు. పన్నెండు, పదిహేనుమంది చాలు. అందరికంటే ముందు దారి తెలిసినవారు ఒకరు, అందరికంటే వెనక ఓపిక ఉన్నవారు ఒకరు ఉండాలి. వెనక ఉన్నవారిని దాటి ఎవరూ మిగిలిపోకూడదు. వేగం నిర్ణయించేది గుంపులో అందరికంటే మెల్లగా తొక్కేవారే. పెద్దరోడ్డు మీద ఒకరి వెనక ఒకరు, రెండు సైకిళ్ల దూరం వదిలి పోవాలి. మొదటి నెల కాలనీ వీధుల్లో, ఊరి లోపలి రోడ్లలోనే తిరగండి. గోదావరి వంతెన మీదికి వెళ్లాలనే సరదా అందరికీ ఉంటుంది. బండ్లు పలచగా ఉన్న ఉదయం వేళ, పెద్దవాళ్లు మాత్రమే వెళ్లండి. శ్రీరామనవమి వారంలో వంతెనంతా యాత్రికులతో నిండి ఉంటుంది కాబట్టి అటు వెళ్లవద్దు. పేర్లు, ఇంటి ఫోను నంబర్లు, ఎవరికి ఏ జబ్బు ఉందో రాసిన కాగితం వెనక ఉన్నవారి జేబులో ఉండాలి.

ఏడాదికి ఒకసారి బ్యానరు కట్టి, టోపీలు పంచి, ఫొటో దిగే ర్యాలీల మీద మాకు పెద్ద నమ్మకం లేదు. వాటివల్ల ఎవరి షుగరూ తగ్గదు. దానికయ్యే ఖర్చుతో పాత సైకిళ్లు నాలుగు బాగుచేయించి సంఘంలో ఉంచితే సైకిల్ లేనివారు వంతులవారీగా వాడుకుంటారు.

ఆదివారం ఆరాధన ఉంటుంది కదా అని కొందరు అడుగుతున్నారు. శనివారం పెట్టుకోండి, లేదా ఆదివారమే వెలుతురు రాగానే మొదలుపెట్టి ఏడింటికి ముగించండి. స్నానం చేసి గుడికి రావడానికి కావలసినంత సమయం ఉంటుంది. కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలో అపొస్తలుడైన పౌలు దేహాన్ని ఆలయంతో పోల్చిన సంగతి మీకు తెలుసు. శ్రమల దినాల్లో ఉపవాసం ఉండేవారు మాత్రం ఆ రోజుల్లో తొక్కవద్దు. షుగర్ మందులు వాడుతూ ఉపవాసం ఉండేవారు దానికి ముందే డాక్టరుతో మాట్లాడండి.

కూడికలో చర్చించుకోవడానికి

1. మీ వీధి నుంచి బడికి, బజారుకు లారీలు తిరగని దారి ఏది? చేతితో పటం గీయండి.

2. మీ ఇంట్లో షుగర్, బి.పి. మందులు వాడేవారి చీటీలు ఎక్కడ ఉన్నాయి? అందులో చక్కెరను బాగా తగ్గించే మాత్ర ఉందా?

3. మీ వీధిలో మూలన పడి ఉన్న సైకిళ్లు ఎన్ని? ట్యూబు, బ్రేకు కట్టలు మారిస్తే నడిచేవి ఎన్ని?

4. ఏప్రిల్ చివర ఎండలు ముదిరాక, వానలు పడేవరకు మీ గుంపు ఏ వ్యాయామం చేస్తుంది? ఎక్కడ, ఎన్ని గంటలకు?